పైన్ అడవి, ఎడమ మోకాలు

నవంబరు 3, ఆదివారం

నవనీతా, నువ్వు చెప్పింది తప్పు. నాకు మోకాళ్ళ నొప్పులు లేవు. మోకాలి నొప్పి ఉన్నది. ఒక్క మోకాలు, ఎడమది. కుడి మోకాలి మీద ఇప్పటిదాక ఎవరూ ఒక్క ఫిర్యాదు చెయ్యలేదు. నా ఇంట్ల ఉండి, నా చేతి కింద చదువుకొని, బ్యాంకుల ఆఫీసరయిన పిల్లవు. ఒకటికీ రెంటికీ తేడా తెల్వకపోతే ఆ బ్యాంకుల పైసలు ఎవరు దాచుకుంటరు?

ఇది ఫోన్లనే అనాల్సిన మాట. అనలేదు. పిల్ల ఉండేది మా చెల్లె కృప ఇంట్లనే, పక్కన ఆమె ఉన్నదని తెలుసు. స్పీకరు పెట్టి మాట్లాడుతున్నరు. నేను నోరు తెరవకముందే అవతల ఎవరో "అయ్యో పాపం" అన్నట్టు నాలుక చప్పరించిన చప్పుడు వినపడ్డది. అందుకే "సరే బిడ్డా" అని పెట్టేసి ఇక్కడ అంటున్న. ఈ డైరీకి స్పీకరు లేదు.

సంగతి ఇది. డిసెంబరుల రెండో శనివారం సెలవు చూసుకొని అరకు పోతరట. అరకు అవతల పైన్ అడవి ఉన్నదట. దాంట్ల ఒక చిన్న చుట్టు దారి. గేటు కాడ మొదలుపెట్టి, గుట్ట ఎక్కి, ఇంకో పక్క దిగి, మళ్ళ గేటు కాడికే వచ్చుడు. నవనీత నడుస్తది, దాని బ్యాంకు దోస్తు స్రవంతి నడుస్తది, కృప నడుస్తది. నేను కూడా పోవాలెనట. ఎందుకంటే గేటు కాడ సిమెంటు బల్ల ఉన్నదట.

"నువ్వు హాయిగ కూసో అమ్మమ్మా. ఫ్లాస్కుల చాయ్ పట్టుకపోదాం. మేం తిరిగొచ్చేదాక చెట్లు చూసుకుంట ఉండు."

చెట్లు చూసుకుంట కాదు. సంచులు చూసుకుంట.

శృంగాకారపు అడవులు, అంటే పైన్ చెట్లు పెరిగే అడవులు. సూదుల్లాంటి ఆకులు, మంచు నిలవకుండ వాలిన కొమ్మలు, కట్టెపువ్వుల్లాంటి కాయలు. ఆడపిల్లల హైస్కూల్ల సోషల్ టీచరుగ రిటైరయ్యేదాక ఏటా చెప్పిన పాఠం. ఒక్క పైన్ చెట్టును కండ్లతోటి చూడలేదు. ఏడో తరగతిల ఉన్నప్పుడు ఈ నవనీతనే నా పాఠం బొమ్మ మీద బోర్లపడి, "అమ్మమ్మా, నాకు నౌకరి వచ్చినంక నిన్ను ఈ అడవిల తిప్పుత" అన్నది.

నౌకరి వచ్చింది. అడవి దొరికింది. తిప్పేది మాత్రం కృపను.

నవంబరు 4

ఫోన్ రాలేదు. నేను ఎదురుచూడలేదు. చార్జింగు ఉన్నదా లేదా అని మాత్రం రెండుమూడు సార్లు చూసిన. నిండుగ ఉన్నది.

నవంబరు 6, బుధవారం

పొద్దున మిర్యాలగూడ ఫోన్ చేసింది. నా బిడ్డకు, అంటే నవనీత తల్లికి, మేం పెట్టిన మంచి పేరున్నది గాని, కోపం వచ్చిన రోజు నేను ఆమె ఉండే ఊరి పేరే రాస్త.

"అమ్మా, నీకెందుకు ఈ అడవులు, గుట్టలు? మొన్న మా ఇంట్ల మెట్లు దిగుతుంటే ఎట్ల కుంటినవో నేను చూడలేదా?"

అంటే నవనీత చెవిల నా మోకాళ్ళ మాట వేసింది ఈమెనే. నేను కుంటలేదు. ఆ మెట్ల మీద సబ్బునీళ్ళు ఉండె.

వెనక నుంచి అల్లుడు సంపత్ గొంతు. "అత్తమ్మకు చక్రాల కుర్చీ దొరుకుతదేమో అడుగుదామా?" నవ్వులాటకు అన్నడు. రైసుమిల్లుల మేనేజరు. బియ్యంల రాళ్ళు ఏరుడు వచ్చు, మాటల్ల రాదు.

ఆ మిల్లు, ఈమె పాఠాలు చెప్పే నేరేడుచర్ల బడి, రెంటి నడుమ పిల్లను చూసే తీరిక లేదని ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాక నవనీతను నా ఒళ్ళ పడేసినప్పుడు ఎవరూ నా మోకాళ్ళ లెక్క తియ్యలేదు. ఎత్తుకొని తిరిగిన. అప్పుడు రెండూ మంచివే. ఇప్పుడు ఒకటి మంచిది.

నవనీతకు కోదాడ బ్రాంచిల పోస్టింగు వచ్చినప్పుడు కిరాయికి ఒక గది చూసి పెట్టిన నేనే. కృప మధ్యల దూరింది. "నా ఇల్లు ఖాళీగా ఉండగా పిల్లకు కిరాయి గది ఎందుకక్కా? నేను లేనా?" ఉన్నది. మస్తుగ ఉన్నది. భర్త పోయిండు, పిల్లలు లేరు, మూడు గదులు, ఒక జామాయిల్ తోట, రిటైరైన డ్రిల్లు టీచరు పెన్షను. వద్దనడానికి నా దగ్గర కారణం లేదు. కారణం లేకుండ వద్దంటే మంచిగుండదు. అప్పుడు కూడా "సరే" అన్న. నా బతుకును "సరే" చెడగొట్టినంతగ ఇంకే మాటా చెడగొట్టలేదు.

సాయంత్రం నవనీత ఫోన్.

"అమ్మమ్మా, నువ్వు మ్యాపులు మంచిగ సూస్తవ్ కదా. ఆ చుట్టు దారి మ్యాపు పంపిన. ఏ పక్క ఎక్కాలె, ఏ పక్క దిగాలె, ఎక్కడ ఆగాలె, ప్లాన్ మొత్తం నువ్వే వెయ్యి."

"నడిచేటోళ్ళు వేసుకోరాదా?"

"చిన్నమ్మమ్మకు మ్యాపు తిప్పిపెట్టినా తెల్వది. నీ అంత మంచిగ ఎవరేస్తరు?"

పెండ్లికి పిలవరు గాని ముహూర్తం నన్నే పెట్టమంటరు. సరే అన్న.

నవంబరు 8, శుక్రవారం

ఫోన్ల మ్యాపు చూస్తే చీమల పుట్ట లెక్కున్నది. సురేష్ జిరాక్స్ షాపుల పెద్దగ తీయించిన. "ట్రెక్కింగా మేడం?" అన్నడు. నా దగ్గర చదివిన పిల్ల కొడుకు. "అవును" అన్న. అంతకంటే వివరం ఎందుకు?

అన్నం తిని, బల్ల మీద పరిచి, ఎర్ర బాల్‌పెన్ను తీసుకున్న. గుట్ట ఎత్తుపల్లాలు చూపే కాంటూరు గీతలు. ఎన్నేండ్లకు! పడమటి పక్క గీతలు దూరం దూరంగ ఉన్నయి, అంటే మెల్లటి ఎక్కుడు. తూర్పు పక్క పేల దువ్వెన పండ్ల లెక్క ఇరుక్కొని ఉన్నయి, అంటే నిటారు. గేటు, బల్ల దక్షిణాన.

చుట్టు దారి అంటే అందరూ ఎటు నుంచి నడిచినా ఒకటే అనుకుంటరు. కాదు. తూర్పున ఎక్కి పడమట దిగితే ఒక నడక. పడమట ఎక్కి తూర్పున దిగితే ఇంకో నడక. దూరం అంతే, మనిషి అంతే ఉండడు.

నేను రెండోది గీసిన. పడమట ఎక్కుడు, తూర్పున దిగుడు.

ఎందుకంటే పైకి పోయేటప్పుడు తేలికగ ఉంటది, మాట్లాడుకోవచ్చు, ఫోటోలు దిగొచ్చు. ఇంకో కారణం కూడా ఉన్నది. నవనీత పంపిన వీడియోల చూసిన, పైన్ ఆకులు నేల మీద జానెడు మందం పరుచుకొని ఉన్నయి. ఎండినవి, నూనె రాసినట్టు మెరుస్తున్నయి. నిటారు వాలు మీద ఆ ఆకుల మీద దిగాలంటే ఎంత డ్రిల్లు టీచరైనా కూసొని జారాల్సిందే. ఆ తూర్పు వాలు చివరి ముక్క సరిగ్గ నా బల్ల ముందర తెరుచుకుంటది.

ఈల మెడల వేసుకొని, టోపీ పెట్టుకొని, కృపమ్మ టీచరు కూసొని జారుకుంట దిగుతది. నేను చాయ్ తాగుకుంట చూస్త. హాయిగ కూసోమన్నరు కదా. కూసుంట.

ఇది అసూయ కాదు. భూగోళశాస్త్రం.

నవంబరు 10, ఆదివారం

ఇయ్యాల మా సూర్యాపేట చర్చిల పాస్టరు గారు అసూయ మీద ప్రసంగం చేసిండ్రు. మంచిగ చెప్పిండ్రు. ఎవరు వినాల్నో వాళ్ళు కోదాడల ఉండిపోయిండ్రని బాధపడ్డ.

బాధపడి ఇంటికొచ్చేసరికి ఇద్దరూ వాకిట్ల ఉన్నరు. పొద్దుటి ఆరాధన అక్కడ ముగించుకొని బస్సెక్కి వచ్చిండ్రట, నా కోడికూర కోసం. కృప పట్టుచీర కట్టింది. చీర కింద చిలకపచ్చ బూట్లు.

"చూశావా అక్కా? నవనీత కొనిపెట్టింది. దానివీ ఇవే. ఇద్దరం ఒకే రకం."

నవనీత కాళ్ళు చూసిన. అవే. చిన్నప్పుడు దానికి బూట్ల నాడాలు కట్టుడు నేర్పింది నేను. కుందేలు చెవులు చేసి, ఒక చెవిని ఇంకో చెవి కింది నుంచి తీసుడు. ఇయ్యాలటి దాక అట్లనే కడుతది. కృప బూట్లకు కూడా అట్లనే కట్టి ఉన్నది. అంటే పిల్లనే కట్టింది.

"నీకు కూడా తెచ్చిన అమ్మమ్మా" అన్నది నవనీత. సంచి తెరిచింది.

ఫ్లాస్కు.

మంచి ఫ్లాస్కే. పొద్దున పోస్తే సాయంత్రం దాక వేడి ఉంటదట. ఉండనీ.

అన్నాల కాడ కృప పాత పురాణం తీసింది. "మీ అమ్మమ్మ సంగతి తెలుసా నీకు? క్రిస్మస్‌కు చర్చిలో పెట్టే సరుగుడు కొమ్మ ఉంటుంది చూడు, అది బడికి పట్టుకెళ్ళి, పిల్లలూ, పైన్ చెట్టు ఇదే అని క్లాసంతా తిప్పింది."

నవనీత నవ్వి నవ్వి పొలమారింది. నెత్తి మీద తట్టింది కూడా కృపనే. నాకంటే దగ్గర కూసున్నది మరి.

"ఏంది కృపా, కోస్తా నుంచి లారీల కొమ్మలొస్తుండె, దాన్ని క్రిస్మస్ చెట్టు అని పాస్టరు గారే నిలబెడుతుండె. ఊరంత నమ్మింది."

"నేను నమ్మలేదక్కా."

"నువ్వు చెట్టును ఎన్నడు చూసినవే? దాని చుట్టు పిల్లలను ఉరికించుడు తప్ప."

ఆమె కూడా నవ్వింది. కృపతో తగవు పెట్టుకునుడు కష్టం. మధ్యల నవ్వి పాడు చేస్తది.

తర్వాత మ్యాపు పరిచిన. నవనీత "అబ్బ! అమ్మమ్మా!" అన్నది. ఆ అబ్బ కోసం ఇంకో పది మ్యాపులు గీయొచ్చు. బాణాలు చూపించిన. పడమట ఎక్కుడు, పైన ఆగి తినుడు, తూర్పున దిగుడు.

కృప కళ్ళద్దాలు పెట్టుకొని చూసింది. "దిగడం... ఇటువైపేనా?"

"అవును. ఏం?"

"ఏం లేదు. భలే వేశావు" అని మంచినీళ్ళు తాగింది. గ్లాసు నిండ తాగింది. భయపడ్డదని నాకు అర్థమైంది. నాకు ఆకలి ఎక్కువైంది, ఇంకో ముద్ద తిన్న.

పోయేటప్పుడు నవనీత, "వెళ్దాం చిన్నమ్మమ్మా, బస్సు వెళ్ళిపోతుంది" అన్నది.

వెళ్దామట, కృప లెక్క. నా ఇంట్ల ఉన్నన్ని ఏండ్లు "పోదాం" అన్న నోరు.

నవంబరు 11

చిలకపచ్చ. ఆ వయసుల.

నవంబరు 14, గురువారం

కూరగాయలకు పోతున్న అని పక్కింటోళ్ళకు చెప్పి, మా ఆయన పాత గొడుగు ఊతంగ పట్టుకొని, బడి మైదానం చుట్టు తిరుగుతున్న. రోజూ. కూరగాయలు రోజూ కొనాల్సి వస్తున్నది. ఇంట్ల బెండకాయలు ముదిరిపోతున్నయి.

సమతలం మీద ఏం లేదు. ఎక్కినా ఏం లేదు. మైదానం మెట్లు దిగేటప్పుడే ఎడమ మోకాలు మాట్లాడుతది. పక్కకు తిరిగి, ఒక్కొక్క మెట్టు, గోడ పట్టుకొని దిగితే ఊకుంటది.

బల్ల మీద కూసోవడానికి ఇంత అభ్యాసం ఎందుకని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలె? ఎవరూ అడగలేదు.

నవంబరు 23, శనివారం

ఇయ్యాలటిది పొడుగున్నది. చాయ్ పెట్టుకొని రాస్తున్న.

నడిగూడెం దగ్గర కృప వాళ్ళ జామాయిల్ తోటల రిహార్సల్ అన్నరు. అక్కడొక మట్టి దిబ్బ ఉన్నది, ఒక పక్క వాలు, ఒక పక్క నిటారు. నా మ్యాపు లెక్కనే నడవాలెనని నవనీత పట్టు. నన్ను కూడా రమ్మన్నది. కోదాడ దాక బస్సు, అక్కడి నుంచి ఆటో. తోట చూసుకునే మట్టయ్య మంచం వేసిండు. ఫ్లాస్కు పక్కన పెట్టుకొని నేను మంచం మీద కూసున్న. దానికి కూడా రిహార్సల్ కావాలె కదా.

మట్టయ్య చెట్టుకు ఆనుకొని కూసున్నడు. "టీచరమ్మా, ఊకె నడిచెతందుకు గంత దూరం పోతరా?"

"పోతరు మట్టయ్యా."

"ఏం దొరుకుతది గాడ?"

"చెట్లు."

"గీడ లేవా?"

"ఇవి జామాయిల్. అవి పైన్."

"ఏం కాయ కాస్తది?"

"తినే కాయ కాదు. కట్టె కాయ."

ఆయన తన జామాయిల్ చెట్లను ఒకసారి పైదాక చూసిండు. "ఇగ పోండ్రి మరి" అన్నడు, అనుమతి ఇచ్చినట్టు.

కృప ఈల వేసింది. ఇద్దరూ బయలెల్లిండ్రు. ఒకే రకం బూట్లు నాలుగు. వరుసల మధ్య నుంచి ముందు కనపడ్డరు, తర్వాత మాటలే వినపడ్డయి, తర్వాత నవ్వు. పిల్ల అంత గట్టిగ నా దగ్గర నవ్వి ఎన్నాళ్ళయింది? నేను ఫ్లాస్కు మూత తిప్పిన. మళ్ళ బిగించిన.

దిబ్బ మీదికి పోయిండ్రు. నవనీత ఫోన్ పట్టుకొని ఉరుక్కుంట ముందే దిగింది, కృప దిగేది వీడియో తియ్యడానికి. సిగ్నలు చూసుకుంటనో ఏమో ఒక నిమిషం ఫోన్ల తల పెట్టింది. ఆ నిమిషంల నేను చూసిన.

కృప పక్కకు తిరిగింది. ఒక్కొక్క అడుగు. ఒక చెట్టు పట్టుకొని, దాన్ని వదిలి ఇంకో చెట్టు. కుడి కాలు వంచకుండ, ఎడమ కాలు మీద మొత్తం బరువు వేసి. ముఖం మీద ఏం లేదు. ముఖం మీద ఏం లేకుండ పెట్టుకునుడు ఎంత కష్టమో నాకు తెలుసు. మిర్యాలగూడ మెట్ల మీద అదే పెట్టుకున్న.

నవనీత తల ఎత్తింది. కృప చెట్టు వదిలి, నడుము మీద చేతులు పెట్టి, "ఎడమ కుడి! ఎడమ కుడి!" అని అరిచింది. పిల్ల నవ్వింది. వీడియో మంచిగొచ్చిందట.

నాకు సంతోషమైంది. రాయొద్దు గాని రాస్తున్న. అయింది.

తర్వాత నవనీత మట్టయ్యను తీసుకొని జామకాయలు తెంపడానికి పోయింది. కృప బోరు కాడ తొట్టి అంచు మీద కూసొని బూటు విప్పి, కుడి కాలు నీళ్ళల్ల పెట్టింది. నేను పోయి పక్కన నిలబడ్డ.

"కుడిదా?"

"ఏది?"

"మోకాలు."

"ఏం మోకాలక్కా? కాలు కడుక్కుంటున్నాను."

"చెట్టు చెట్టుకు మొక్కుకుంట దిగినవ్. క్రైస్తవురాలివి, పాస్టరు గారికి తెలిస్తే ఏమైతది?"

నవ్వుతదనుకున్న. నవ్వలేదు. నీళ్ళల్ల కాలు చూసుకుంట ఉన్నది.

"దానికి చెప్పకు."

"ఎన్నాళ్ళ సంది?"

"చెప్పకక్కా. తెలిస్తే నన్ను కూడా తీసుకొచ్చి నీ బల్ల మీద కూర్చోబెడుతుంది."

నా బల్ల! అందరూ కలిసి నాకే రాసిచ్చిండ్రు ఆ బల్లను.

"కూసుంటే ఏమాయె? నేను కూసుంటలేనా?"

అప్పుడు తిరిగింది నా దిక్కు. "నీకేమక్కా. నువ్వు ఎక్కడ కూర్చున్నా దానికి నువ్వే. పొద్దున లేస్తే, మా అమ్మమ్మ చారు ఇట్ల కాదు అంటుంది. బట్టలు మడతపెడితే, మా అమ్మమ్మ ఇట్ల మడతపెట్టదు. నేను వండిన పప్పు తింటూ నీ పప్పు గుర్తు చేసుకుంటుంది. నా ఇంట్లో తిరిగేది అది, వినపడేది నువ్వు. ఈ నడక ఒక్కటే నువ్వు లేనిది. ఆ ఒక్కదాంట్లో అయినా నేను నెగ్గుతాననుకున్నాను. దాన్ని కూడా నువ్వే ప్లాన్ వేశావు. దిగడం అటువైపు పెట్టి మరీ."

నేనేమన్నానో రాయాలె. "కాలు తుడుచుకో, పిల్ల వస్తున్నది" అన్న. పైటచెంగు ఇచ్చిన. తుడుచుకున్నది. బూటు నాడా కట్టుకోవడానికి వంగలేకపోయింది. నేను కట్టిన. కుందేలు చెవులు.

బస్సుల వచ్చేటప్పుడు మునగాల దాటేదాక ఒకటే ఆలోచన. దానికి నా మీద అసూయ! నా చెల్లెకు, చిన్నప్పటి సంది అన్నిట్ల ఉరికి ముందర పడ్డదానికి, నా మీద! నా చారు మీద! ఈ వయసుల నా చెవులు విన్న మాటల్ల ఇంత తియ్యటిది లేదు.

సూర్యాపేట బస్టాండుల దిగేటప్పుడు మాత్రం ఆ కడపటి మాట గుచ్చింది. దిగడం అటువైపు పెట్టి మరీ.

నవంబరు 24, ఆదివారం

బాణాలు తిప్పిన. తూర్పున ఎక్కుడు, పడమట దిగుడు. మెల్లటి దిగుడు. ఇది కృప కోసం కాదు. ఆకులు జారుతయి, ఆడపిల్లలున్నరు, భద్రత చూసుకోవాలె.

కాని తూర్పు ఎక్కుడు కూడా కృపతోటి కాదు. అది మ్యాపు తిప్పితే పోయే సంగతి కాదు. ఎన్ని రకాలుగ గీసినా గుట్ట గుట్టే.

ఎక్కకుండ ఉండాలంటే దానికొక సాకు కావాలె. తన కాలు కాని సాకు.

ఇంట్ల ఉన్న సాకు ఒకటే, నా మోకాళ్ళ నొప్పులు. ఒకటి కాదు, సగం.

నవంబరు 26, మంగళవారం

నవనీతకు ఫోన్ చేసిన. ముందు ఆ స్పీకరు తీసెయ్యమన్న.

"బిడ్డా, నువ్వన్నదే నిజం. నాకు రెండు మోకాళ్ళూ నొప్పే."

"నేను చెప్పలే? ఎప్పటి సంది అమ్మమ్మా రెండోది?"

"ఈ మధ్యనే. కుడిది." నా కుడి మోకాలా, నన్ను క్షమించు. "అందుకే ప్లాన్ మార్చిన. నువ్వు, స్రవంతి తూర్పున ఎక్కుండ్రి. పడమటి పక్క మెల్లగ ఉంటది, నేను ఆ పక్క నుంచి పైదాక వస్త. ఒంటరిగ రాలేను. కృప నాకు తోడు నడవాలె. పైన కలుసుకొని, అందరం పడమటనే దిగుదాం."

నేను ఎంత తెలివిగ చెప్పిన! దాంట్ల నాకు నడక దొరికింది, కృపకు మర్యాద దక్కింది, పిల్లకు అబద్ధం తెల్వలేదు.

పిల్ల మెల్లగ మొదలుపెట్టింది.

"అమ్మమ్మా... రెండు మోకాళ్ళంటే మరి రైలు, జీపు, గంత దూరం ఎట్లొస్తవ్? అమ్మ కూడా వద్దంటున్నది. నువ్వు ఇంట్లనే ఉండరాదు? నీకు వీడియో కాల్ చేసి మొత్తం చూపిస్త."

నవంబరు 27

వీడియో కాల్.

నవంబరు 28, గురువారం

బల్ల కూడా పోయింది. అరిగిన సిమెంటు బల్లకు ఇంత బాధపడతానని అనుకోలేదు.

కృప పోతది. తూర్పున ఎక్కుతదో, సచ్చి బతుకుతదో, పిల్ల పక్కన నడుస్తది. ఫోటోల పడుతది. నేను దానికి సాకు ఇయ్యబోయి నా చోటు ఇచ్చిన. మేలు చేస్తే ఇట్లనే ఉంటదని తెలిసి కూడా చేసిన. నాకు చదువెక్కువ, అందుకే.

కూరగాయలకు పోలేదు.

నవంబరు 30, శనివారం

నవనీత వచ్చింది. చెప్పకుండ, ఒక్కతే. వచ్చి నా ఒళ్ళ తల పెట్టి పండుకున్నది. కుడి మోకాలి మీద. "నొస్తదా?" అని లేవబోయింది. "నొస్తది గాని పండుకో" అన్న.

కృప రెండు రోజుల సంది దాంతోటి మాట్లాడుతలేదట. ఎందుకని అడిగితే, "మా అక్క రాకపోతే నేను అరకు రాను, మీరిద్దరే వెళ్ళండి" అన్నదట.

"నేను మస్తు చెప్పిన అమ్మమ్మా. నువ్వు తూర్పు పక్క నడుద్దువు, నీకు నడకంటే ఇష్టం కదా అంటే, నా నడక ఏం పెద్ద, అక్కను చెయ్యి పట్టుకుని పడమటి వైపు నేనే మెల్లగా పైకి తీసుకొస్తా అన్నది. ఆ బూట్లు వేసుకొని రోజూ తిరిగింది అమ్మమ్మా, ఎంత ఆశ పెట్టుకున్నది! నీ కోసం మొత్తం వదులుకున్నది." కండ్లల్ల నీళ్ళు పెట్టుకున్నది. "చిన్నమ్మమ్మ లాంటి మనిషి ఉండదు."

చూసినవా? అబద్ధం నాది. మోకాలు నాది. త్యాగం ఆమెది.

నిజం చెప్పాలంటే ఒక్క మాట చాలు. నాలుక చివరి దాక వచ్చింది. చిలకపచ్చ బూట్లను తలుచుకున్న. బోరు కాడ వంగలేక నాడా పట్టుకొని కూసున్న మనిషిని తలుచుకున్న.

"ఉండదు" అన్న. "మరి నేను వస్తున్ననా లేదా?"

"నువ్వు రాకపోతే ఎవరూ పోరు. టికెట్లు ఉన్నయి కదా. అమ్మకు నేను చెప్పుకుంట."

చారు పెట్టిన. రెండుసార్లు పోసుకున్నది. కోదాడకు సీసాల పోసి పంపుదామనుకొని, ఆగిపోయిన. అంత అవసరం లేదు.

డిసెంబరు 3

మిర్యాలగూడ ఫోన్ చేసి, "చిన్నమ్మను చూసి నేర్చుకో అమ్మా" అన్నది.

చెప్పుదునా? చెప్పలేదు. ఇది ఎన్నోసారో లెక్క పెట్టదలుచుకోలేదు.

డిసెంబరు 8, ఆదివారం

కృప ఫోన్ చేసింది. కొంచెం సేపు వాతావరణం మాట్లాడింది. తర్వాత, "అక్కా, నీ చారులో ఏం వేస్తావు?" అన్నది.

"ఏం వేస్త? అందరు వేసేదే."

"చెప్పవా?"

"పైన కలిసినంక చెప్త."

చెప్పను. ఒక్కటన్న నా దగ్గర ఉండాలె.

డిసెంబరు 11, బుధవారం

ఎల్లుండి పొద్దున ఖమ్మంల రైలు. రేపు సాయంత్రానికి కోదాడ చేరాలె.

ఆఖరుసారి మ్యాపు తీసిన. పడమటి తోవ జీపు పట్టేంత వెడల్పు ఉన్నదని నవనీత కనుక్కొని చెప్పింది. అంటే దిగేటప్పుడు ముగ్గురం పక్కపక్కన నడవొచ్చు. కృపకు కుడి కాలు, కాబట్టి పిల్ల దాని కుడి పక్కన ఉండాలె. నాకు ఎడమ కాలు, కాబట్టి పిల్ల నా ఎడమ పక్కన ఉండాలె. కాయితం మీద గీసి చూసిన. ఒక్క పిల్లతోటి సరిపోతున్నది, మధ్యల. మోకాళ్ళు పాడు చేసేటప్పుడు కూడా దేవుడు ప్లాన్ వేసే చేసిండు.

అయినా ఫోటో తీసేటప్పుడు స్రవంతిని నా దిక్కు నిలబడి తియ్యమనాలె. కృప పక్క నుంచి తీస్తే పిల్ల ముఖం దాని దిక్కు తిరిగి పడుతది.

రేపు పొద్దున బస్సుకు ముందు మెడికల్ షాపుకు పోవాలె. మోకాలికి తొడుక్కునే పట్టీ జతగనే అమ్ముతరు, ఒక్కటి ఇయ్యరు. ఇన్నాళ్ళు అందుకే కొనలేదు. జత తీసుకోవాలె. నల్లది వద్దు, ఒంటి రంగుది, బట్టల కింద తెల్వకుండ. సైజు పెద్దది. కృప మధ్యరకం సైజు చాలంటది, వినొద్దు. ఒకటి నా సంచిల పెట్టుకొని, రెండోది ఖాళీ ఫ్లాస్కుల చుట్టి దూర్చి, కోదాడ బస్టాండుల కృప చేతికే ఇయ్యాలె, నవనీత ఆటో మాట్లాడుతున్నప్పుడు. షాపాయన "రెండు మోకాళ్ళకా మేడం?" అని అడుగుతడు. అవును, రెండు మోకాళ్ళకే అని చెప్పి, ఇంకేం అడగకముందే వచ్చెయ్యాలె.